మాట్లాడాలా, ఊరుకోవాలా? సంఘంలోనూ ఆఫీసులోనూ

తిరుపతి విశ్వాసి అడిగిన ప్రశ్న

అందరికీ వందనాలు. మా సంఘంలో మందిర నిర్మాణానికి కానుకలు వసూలు చేస్తున్నారు. ఏడాదిగా లెక్క చదవలేదు. పాస్టరును అడిగితే "అభిషిక్తుణ్ణి (దేవుడు ఎన్నుకున్న సేవకుణ్ణి) ప్రశ్నించకూడదు" అంటున్నారు. అడక్కపోతే తప్పుకు వంత పాడినట్టు ఉంటుంది. ఆఫీసులో ఇంకో ఇబ్బంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకాయన "మీవాళ్లంతా డబ్బుకు మారినోళ్లే కదా" అంటాడు, మిగతావాళ్లు నవ్వుతారు. బదులిస్తే గొడవ, ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. మౌనానికీ మాటకూ సమయం ఉందని ప్రసంగి 3:7 చెబుతుంది గానీ ఏది ఎప్పుడో ఎలా తేల్చుకోవాలి? ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ఆచరణలో ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పుత్తూరు సంఘపెద్ద

తమ్ముడూ, ముందు లెక్కల సంగతి. అభిషిక్తుని మీద చెయ్యి వేయనన్నది దావీదు, తనను తరుముతున్న రాజు సౌలును చంపే అవకాశం దొరికినప్పుడు (1 సమూయేలు 24:6). అదే అధ్యాయం ఇంకొంచెం ముందుకు చదువు. గుహలోంచి బయటికొచ్చి, కోసిన వస్త్రపు చెంగు చేత్తో పట్టుకుని, నన్నెందుకు తరుముతున్నావని సౌలునే నిలదీశాడు. చెయ్యి ఎత్తలేదు, నోరు మాత్రం కట్టుకోలేదు. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగుచేసిన కానుక విషయంలో పౌలు కూడా, తన మీద మాట రాకూడదని, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తోడు పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:18-21). కాబట్టి లెక్క అడగడం తిరుగుబాటు కాదు.

అడిగే తీరులోనే చాలామంది చెడగొట్టుకుంటారు. వాట్సాప్ గ్రూపులో మొదలుపెట్టొద్దు. మత్తయి 18:15 ప్రకారం ముందు మీ పాస్టరూ నువ్వూ మాత్రమే. అదీ ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర కాదు, వారం మధ్యలో ముందే చెప్పి వెళ్లు. "డబ్బంతా ఏమైంది?" అనొద్దు. కాగితాలు అడుగు. రసీదు పుస్తకాలు ఎన్ని అచ్చేయించారు, అందులో ఎన్ని వాడారు, నిర్మాణ నిధికి వేరే ఖాతా ఉందా, డబ్బు తీయాలంటే ఎవరెవరి సంతకాలు కావాలి, సిమెంటు, కమ్మీల బిల్లులు ఎవరి దగ్గరున్నాయి. చాలాచోట్ల చివరికి తేలేది దొంగతనం కాదు. నిధి డబ్బూ నెలవారీ ఖర్చూ ఒకే ఖాతాలో కలిసిపోయి ఉంటాయి, మేస్త్రీకి చేతికిచ్చిన డబ్బుకు ఓచరు ఉండదు. మొదటిరోజే "తినేశారు" అనేస్తే, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోలేవు. సంగతి పూర్తిగా వినకముందే బదులు చెప్పేవాడికి సిగ్గే మిగులుతుందని సామెతలు 18:13 అంటున్నది దీన్నే.

జవాబు రాకపోతే ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లు. పెద్ద మీద ఆరోపణకు అంతమంది సాక్షులుండాలని 1 తిమోతి 5:19. లెక్క తెలిసినవాళ్లను తీసుకెళ్లు, నీ తరఫున గొంతు పెంచేవాళ్లను కాదు. అప్పటికీ తెమలకపోతే కమిటీకి ఉత్తరం రాసి, తేదీ వేసి, నకలు దాచుకో. మీ సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే బైలా (సంఘం నియమావళి) కాపీ తీసుకుని, సర్వసభ్య సమావేశం గురించీ ఆడిట్ గురించీ ఏం రాశారో చదువుకో. సభలో లేచి అడగడం చివరి మెట్టు. ఈ మెట్లన్నీ ఎక్కాక కూడా ఊరుకుంటే మాత్రం దాన్ని సాత్వికం అనలేం.

అలిపిరి రోడ్డు పాఠకుడు

ఆఫీసు విషయం నేను చెబుతాను. వచ్చింది ప్రశ్నా, దెప్పుడు మాటా అన్నది ముందు చూసుకోండి. విచారణలో రాజైన హేరోదు ఎన్ని అడిగినా యేసు ఒక్కదానికీ బదులివ్వలేదు (లూకా 23:9). అతనికి కావలసింది వేడుక. అంతకు కొన్ని గంటల ముందే, చెంప మీద కొట్టిన బంట్రౌతును మాత్రం ఎందుకు కొట్టావని సూటిగా అడిగాడు (యోహాను 18:23).

నలుగురి ముందు నవ్వించడానికి అన్నవాడు ఆ నలుగురి ముందు తగ్గడు. సాయంత్రం బండి తీసేటప్పుడు ఒక్కడే ఉంటే చెప్పండి: "మధ్యాహ్నం మీరన్న మాట బాధ పెట్టింది సార్. మా విశ్వాసం గురించి తెలుసుకోవాలంటే తీరిగ్గా కూర్చుని చెబుతాను." అక్కడితో ఆపేయండి. ఆ వేడిలో "మరి మీ దేవుళ్లు..." అని ఎత్తుకుంటే ఆయనకూ మీకూ తేడా ఉండదు. 1 పేతురు 3:15 సిద్ధంగా ఉండమన్నది అడిగినవాడికి జవాబివ్వడానికి, అదీ సాత్వికంతో. ఒక్క మినహాయింపు ఉంది. అదే మాట ఊడ్చే ఆమెనో, కొత్తగా చేరిన కుర్రాణ్ణో అంటే సాయంత్రం దాకా ఆగొద్దు. సామెతలు 31:8 అలాంటివాళ్ల కోసమే నోరు తెరవమంటుంది.

మన ఊరికి సంబంధించింది ఇంకొకటి. తిరుమలలో ఇతర మత ప్రచారం నిషేధం, 2007లో దానికి చట్టం వచ్చింది. రాజ్యాంగం 25వ అధికరణ ప్రచార స్వేచ్ఛ ఇస్తూనే దాన్ని శాంతిభద్రతలకు లోబరిచింది. పనిమీద కొండకు వెళ్లి కరపత్రాలు పంచడాన్ని ధైర్యం అనుకునేవాళ్లున్నారు, నాకది అవివేకంగానే కనిపిస్తుంది. ఎఫెసు కూడా గుడి మీద బతికిన ఊరే. పౌలు అక్కడ రెండేళ్లు బోధించాడు. గలభా జరిగిన రోజు, వీళ్లు గుడిని దోచలేదు, మన దేవతను దూషించలేదు అని ఆ ఊరి కరణమే సాక్ష్యమిచ్చాడు (అపొ. కార్యములు 19:37). ఎవరైనా లడ్డూ ఇస్తే, తినకూడదని మీ మనస్సాక్షి చెబితే, "వద్దండీ, ఏమనుకోవద్దు" అంటే చాలు. అడిగితేనే కారణం చెప్పండి.

చిత్తూరు అక్క

పుత్తూరు అన్నగారు చెప్పిన మెట్లు డబ్బు విషయంలో సరైనవే. పిల్లల మీద లైంగిక వేధింపు అయితే మాత్రం దయచేసి ఆ దారి పట్టకండి. "ముందు ఒంటరిగా వెళ్లి గద్దించు" అని వెళ్తే ఆ మనిషి జాగ్రత్త పడతాడు, ఫోనులోవి చెరిపేస్తాడు, బిడ్డను బెదిరిస్తాడు, పెద్దలు రాజీకి కూర్చుంటారు. 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సండే స్కూలు టీచరైనా పాస్టరైనా ఇంతే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, అత్యవసర నంబరు 112కో ఫోను చేయండి. బిడ్డను తిప్పి తిప్పి అడగొద్దు. చెప్పిన మాటలు ఆ బిడ్డ మాటల్లోనే రాసి తేదీ వేయండి. పేరు ఎక్కడా పలకొద్దు. ప్రార్థన విన్నపమంటూ సభలో చెప్పినా బయటపెట్టినట్టే.

భర్త చేత దెబ్బలు తినే ఆడమనిషి విషయం వేరు. "ఓర్చుకోమ్మా" అనొద్దు, అలాగని ఆమెను అడక్కుండా వెళ్లి భర్తను నిలదీయనూ వద్దు. మీరు వెళ్లిపోయాక ఆ రాత్రి అతనితో ఉండాల్సింది ఆమే. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఆమెకు తెలిసేలా చూసి, ఆమె ఎప్పుడు బయటికి రావాలనుకుంటే అప్పుడు తోడు వెళ్లండి.

తిరుపతి విశ్వాసి

అన్నా, అక్కా, వందనాలు. లెక్క అడగ్గానే "సంఘాన్ని చీలుస్తున్నావు" అంటే ఏమనాలి?

పుత్తూరు సంఘపెద్ద

ఆ మాట మీద వాదన పెట్టుకోవద్దు తమ్ముడూ. కానుక ఆపేస్తానని బెదిరించనూ వద్దు, విషయం నీ మీదికి మళ్లుతుంది. బీదల దగ్గర వడ్డీ గుంజుతున్నారని విన్నప్పుడు నెహెమ్యాకు మండిపోయింది, అయినా ముందు తనలో తాను ఆలోచించుకుని, ఆ తర్వాతే ప్రధానులను నిలదీశాడు (నెహెమ్యా 5:6-7). నువ్వు కూడా "నేను అడిగింది రసీదు పుస్తకాలు, పాస్‌బుక్, బిల్లులు. ఎప్పుడు చూపిస్తారు?" అని నెమ్మదిగా అదే మాట మళ్లీ అడుగు. ఒక తేదీ చెప్పించుకుని, దాన్ని ఆయన ఎదుటే రాసుకుని రా.