పైపు రూట్ పాస్ (జాయింట్ అడుగున పడే మొదటి వెల్డ్ పొర) మిగ్ వెల్డింగ్‌తో వేస్తుంటే ఒక పక్క అతకడం లేదు

ప్రశ్న:
6 అంగుళాల కార్బన్ స్టీల్ పైపు, 5జీ పొజిషన్ (పైపు అడ్డంగా, తిరగకుండా ఉంటుంది), పైనుంచి కిందికి వేస్తున్నాను. వైరు 1.2 ఎంఎం ఈఆర్70ఎస్-6, గ్యాస్ 80/20 ఆర్గాన్-సీఓటూ, మామూలు షార్ట్ సర్క్యూట్ మోడ్ (వైరు కొస తగిలి తగిలి కరుగుతుంది), రెండు పైపుల మధ్య గ్యాప్ 2.5 ఎంఎం. పైపు చుట్టును గడియారంలా చూస్తే, పైన పన్నెండు నుంచి మూడు గంటల దాకా బాగానే పడుతోంది, నాలుగు దాటాక లోపల లైటు వేసి చూస్తే ఒక పక్క బెవెల్ (ఏటవాలుగా కోసిన) అంచు గీత గీసినట్టు అలాగే ఉంది, అక్కడక్కడా వైరు ముక్కలు మీసాల్లా పొడుచుకొచ్చాయి. వోల్టేజ్ పెంచితే బొక్క పడింది. ఎస్‌టీటీ మెషీన్ (కరెంట్‌ను తనే అదుపు చేసే రకం) లేకపోతే ఇంతే అంటున్నారు, నిజమేనా?

జవాబు:
మెషీన్ సంగతి తర్వాత. మీసాలు వచ్చాయంటే వైరు పడిల్‌ను (కరిగిన లోహపు మడుగును) దాటి ఖాళీ గ్యాప్‌లోకి పోయింది. అంచు మిగిలిందంటే పడిల్ జారి ఆర్క్ కంటే ముందుకొచ్చింది, కరిగిన లోహం చల్లటి అంచు మీద పడుకుంది తప్ప దాన్ని కరిగించలేదు. ఆర్క్ ఎప్పుడూ పడిల్ ముందు అంచు మీదే ఉండాలి, అంతకు ముందూ కాదు, వెనకా కాదు. నాలుగు దగ్గరే ఎందుకంటే అక్కడ మన మణికట్టు తిరగడం ఆగిపోతుంది, పైపు వంపు మాత్రం ఆగదు కదా! మూడున్నర దగ్గరే ఆపెయ్యండి, ఆగిన చోటును, ట్యాకుల (పైపులను ముందుగా పట్టి ఉంచే చిన్న అతుకుల) రెండు కొసలనూ గ్రైండర్‌తో కత్తి అంచులా పలచగా చేసి, కూర్చునే తీరు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టండి. గ్యాప్ 3 దాటించండి, 2.5 ఇరుకు. ఒక పక్కే అతకడం లేదంటే రెండు పైపుల లోపలి అంచులు సమంగా కూర్చున్నాయో లేదో కూడా చూడండి.

ఇంకో జవాబు:
ఎస్‌టీటీ మంచిదే, మంత్రం కాదు. అందులో వోల్టేజ్ నాబ్ ఉండదు, పీక్ కరెంట్, బ్యాక్‌గ్రౌండ్ కరెంట్ విడివిడిగా పెట్టుకోవాలి. షార్ట్ తెగే క్షణానికి ముందు కరెంట్ తగ్గించేస్తుంది, అందుకే చిమ్మడం తక్కువ, పడిల్ కుదురుగా ఉంటుంది. సీఎంటీ అనే ఇంకో రకం మెషీన్ అయితే వైరునే వెనక్కి లాగుతుంది. కానీ వోల్టేజ్ పసిగట్టే సెన్స్ లీడ్ జాయింట్‌కు దగ్గర్లో, శుభ్రమైన లోహం మీద బిగించకపోతే ఎంత మెషీనైనా దండగే. ఒకసారి దాన్ని తుప్పు మీద బిగించి, తప్పు సెట్టింగ్‌లో ఉందనుకుని పూట మొత్తం నాబ్‌లు తిప్పుతూ కూర్చున్నాను.

మరో జవాబు:
ఇది వెల్డర్ క్వాలిఫికేషన్ పరీక్ష కోసమైతే ఒక మాట. అమెరికా ఏఎస్‌ఎంఈ కోడ్ సెక్షన్ 9 ప్రకారం షార్ట్ సర్క్యూట్ మోడ్‌లో వెల్డర్‌ను ఎక్స్‌రేతో పాస్ చెయ్యడానికి లేదు, వెల్డ్ ముక్కను వంచి చూసే బెండ్ టెస్టే. మీరు చెప్పిన అతకని అంచు ఫిల్మ్‌లో తప్పించుకోవచ్చు, వంచితే మాత్రం నోరు తెరుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
గ్యాప్ 3.2 పెట్టి, మూడున్నర దగ్గర ఆపి వేశాను. ఐదు దాకా గీత పోయింది, మీసం ఒక్కటే. ఆరు దగ్గర మాత్రం లోపలి వెల్డ్ పూస ఇంకా గుంటపడుతోంది, రేపు మళ్లీ ఇంకో ముక్క కోస్తాను.