సీపీవీసీ పైపుకి బాత్‌టబ్ స్పౌట్ నేరుగా బిగించొచ్చా? మేస్త్రీ సరే అంటున్నాడు, నాకు ధైర్యం చాలడం లేదు

కొత్తిల్లు_అవిలాల

అందరికీ నమస్తే. మాది తిరుపతి, అవిలాల దగ్గర. మా నాయనకి మోకాళ్ళ నొప్పులు, నిలబడి స్నానం చేయలేరు, అందుకని ఎత్తు తక్కువ ఉండే టబ్ పెట్టించాం. గోడలో మిక్సర్, దాన్నుంచి పైకి షవర్ లైను, కిందికి స్పౌట్ (టబ్‌లోకి నీళ్ళు పడే మూతి) లైను, అన్నీ అర ఇంచు సీపీవీసీ (వేడినీళ్ళకి వాడే ప్లాస్టిక్ పైపు). టైల్స్ కూడా అయిపోయాయి. స్పౌట్ దగ్గర పైపు ముక్క టైల్ నుంచి మూడు ఇంచులు బయటికి ఉంది.

స్పౌట్ మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చాడు. పైన నాబ్ ఉంటుంది, లాగితే నీళ్ళు షవర్‌కి వెళ్తాయి. దీనికి థ్రెడ్ లేదు, పైపు మీదికి తొడిగి కింద చిన్న స్క్రూ బిగించాలి. మా సీపీవీసీ పైపుకి కొలిచి చేసినట్టు సరిపోయింది! మేస్త్రీ ఇంకేం కావాలి బిగించేద్దాం అంటున్నాడు. కానీ డబ్బా మీద రాగి పైపు బొమ్మ ఉంది. గీజర్ నీళ్ళు వచ్చే లైను, పైగా నాయన లేచేటప్పుడు ఏది దొరికితే అది పట్టుకుంటారు, ఊడి వస్తే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి, రేపు మేస్త్రీ వస్తాడు.

చిత్తూరు_ప్లంబర్

అన్నా, దయచేసి బిగించొద్దు. సరిపోయింది అంటే కారణం ఉంది. అమెరికాలో అర ఇంచు రాగి పైపు బయటి కొలత 15.9 మిల్లీమీటర్లు, మన అర ఇంచు సీపీవీసీ కూడా రాగి పైపు కొలతల్లోనే చేస్తారు, అదీ 15.9. తొడిగితే దిగుతుంది గానీ ఆ స్క్రూ రాగి మీద పట్టు కోసం పెట్టింది. ప్లాస్టిక్ మీద బిగిస్తే పైపులోకి దిగబడుతుంది, అక్కడ గాటు పడుతుంది. సీపీవీసీ వేడినీళ్ళకి మంచిదే, కానీ వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది, 82 డిగ్రీల దగ్గర అది తట్టుకునే ప్రెషర్ మామూలు చల్లనీళ్ళప్పటి దాంట్లో పావు వంతే. అట్లాంటి పైపుని ఒక స్క్రూ రోజూ నొక్కుతూ ఉంటే కొన్నాళ్ళకి పైపు నొక్కుకుపోయి స్పౌట్ అటూ ఇటూ ఆడుతుంది, లోపలి రబ్బరు రింగు దగ్గర నీళ్ళు కారి టైల్ వెనక్కి పోతాయి.

పద్ధతి ఏమంటే ఆ ఒక్క టైల్ తీయించండి. పైపు కోసి గోడ లోపలే బ్రాస్ థ్రెడ్ ఉన్న సీపీవీసీ ఎల్బో (పైపు మలుపు ముక్క) సొల్యూషన్‌తో, అంటే పైపులు అతికించే జిగురుతో, అతికించాలి. ప్లాస్టిక్ థ్రెడ్ ఎల్బో తక్కువకి వస్తుంది, అది మాత్రం తేవద్దు, ఇత్తడి నిపుల్ (ఎల్బోకీ స్పౌట్‌కీ మధ్య వచ్చే థ్రెడ్ ముక్క) బిగిస్తుంటే చీలుతుంది. సొల్యూషన్ డబ్బా మీద సీపీవీసీ అని ఉండాలి, పీవీసీది పనికిరాదు. పైపు లోపలా బయటా తడి లేకుండా తుడిచి, అతికించాక అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే వెనక్కి తన్నుకొస్తుంది. ఎల్బో చుట్టూ సిమెంటు గట్టిగా పట్టించమనండి, రేపు స్పౌట్ మీద బరువు పడితే మోసేది ఆ సిమెంటే, పైపు కాదు. ఒక రోజు ఆగి, దానికి డమ్మీ (మూత) బిగించి నీళ్ళు వదిలి రాత్రంతా చూసి, తడి లేకపోతేనే టైల్ వేయించండి. స్పౌట్ మాత్రం ఇక్కడి షాపులో థ్రెడ్ ఉన్నది తీసుకోండి.

బైరాగిపట్టెడ_అక్క

తమ్ముడూ, మా ఇంట్లో అచ్చం ఆ ప్లాస్టిక్ థ్రెడ్ ఎల్బోనే పెట్టారు. మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాత బాత్రూం గోడకి అటువైపు పడకగదిలో రంగు బుడగలు లేచి పొరలు పొరలుగా రాలడం మొదలైంది, మేము వాన చెమ్మ అనుకుని రెండుసార్లు పుట్టీ పెట్టించాం. చివరికి గోడ పగలగొడితే ఎల్బోకి వెంట్రుకంత చీలిక. ఎల్బో ఎంతో కాదు, టైల్స్‌కీ రంగుకీ అయిన ఖర్చే ఎక్కువ. అదే డిజైన్ టైల్ మళ్ళీ దొరకలేదు కూడా. మీ దగ్గర మిగిలినవి ఉంటే పారేయకండి.

సైట్_ఇంజనీర్_రేణిగుంట

పైన అన్న చెప్పింది సరైనది. ఇంకొకటి ఎవరూ అడగలేదు. నాబ్ ఉన్న స్పౌట్ అయితే మిక్సర్ నుంచి స్పౌట్ దాకా నీళ్ళకి దారి వెడల్పుగా ఉండాలి. అర ఇంచు సీపీవీసీ పేరుకే అర ఇంచు, లోపల దాదాపు 12 మిల్లీమీటర్లే. నీళ్ళు కిందికి అంత వేగంగా పోలేకపోతే నాబ్ లాగకపోయినా షవర్ నుంచి కారుతుంటాయి. టైల్ తీయకముందే ఒక పని చేయండి. పైపు ముక్కకి ఏమీ తొడగకుండా రెండు కుళాయిలూ పూర్తిగా తిప్పి షవర్ వైపు చూడండి. అప్పుడే కారుతుంటే ఆ కింది లైను ముప్పావు ఇంచుకి మార్చుకోవాల్సిందే, ఇంకో రెండు టైల్స్ పోతాయి అంతే.

స్పౌట్ మూతి టబ్ అంచుకి కనీసం రెండు ఇంచులు పైన ఉండాలి. టబ్ నిండి మూతి మునిగితే, లైన్లో ప్రెషర్ పడిపోయినప్పుడు స్నానం చేసిన నీళ్ళు వెనక్కి లాగుకుంటాయి.

కొత్తిల్లు_అవిలాల

అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడే రెండు కుళాయిలూ తిప్పి చూశాను, షవర్ నుంచి చుక్క కూడా రాలేదు. టైల్స్ అర పెట్టె మిగిలి ఉన్నాయి. తమ్ముడు తెచ్చిన స్పౌట్ వాడకపోతే వాడు బాధపడతాడు, ఏసీ మెకానిక్ దగ్గర అదే కొలత రాగి పైపు ఉంటుందట, ఆ ముక్క పెట్టి దాన్నే వాడొచ్చా అన్నా?

చిత్తూరు_ప్లంబర్

వాడొచ్చు. రాగి ముక్కకి ఇత్తడి థ్రెడ్ అడాప్టర్‌ని బయట, బెంచీ మీద వెల్డింగ్ చేయించి, పూర్తిగా చల్లారాక తెచ్చి ఎల్బోలో తిప్పాలి. గోడలో పెట్టి మంట చూపించారంటే సీపీవీసీ కరిగిపోతుంది. థ్రెడ్ మన కొలతదే అయి ఉండాలి. అమెరికా థ్రెడ్‌కీ మనదానికీ అర ఇంచులో ఇంచుకి 14 మరలే, అందుకే మొదట బాగానే తిరుగుతుంది, కానీ మర కోణం వేరు, దానిది 60 డిగ్రీలు మనది 55, ఎంత టేపు చుట్టినా కారుతుంది. ఏసీ రాగి మెత్తగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే వంగిపోవచ్చు. మీ నాయన పట్టుకుంటారని చెప్పారు కాబట్టి నేనైతే మీ ఇంట్లో అది పెట్టను. ఏది పెట్టినా పక్కన గోడకి స్టీల్ హ్యాండిల్ ఒకటి వేయించండి, స్పౌట్ పట్టుకుని లేచే అవసరం ఉండకూడదు.

కొత్తిల్లు_అవిలాల

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. బ్రాస్ ఎల్బో వేశాం, రాత్రంతా నీళ్ళు వదిలి పొద్దున టిష్యూ కాగితం పెట్టి చూస్తే పొడిగానే ఉంది. థ్రెడ్ స్పౌట్ ఇక్కడే కొన్నాను, తమ్ముడికి ఫోన్‌లో విషయం చెబితే వెంటనే ఒప్పుకున్నాడు. హ్యాండిల్ నాయన చెయ్యి ఎక్కడికి అందుతుందో ఆయన్నే టబ్‌లో కూర్చోబెట్టి గుర్తు పెట్టుకుని బిగించాం.