బస్సు వెంట పరుగు లెక్క: 9 సెకన్ల జవాబు కొట్టేయాలా?

కావలి ఇంటర్ కుర్రాడు:
లెక్క ఇది. కావలి బస్టాండులో నెల్లూరు బస్సు ఆగి ఉంది. 18 మీటర్ల వెనక నుంచి ఒకడు సెకనుకు 6.5 మీటర్ల స్థిరవేగంతో పరిగెత్తుకొస్తున్నాడు. అదే క్షణంలో బస్సు 1 మీ/సె² త్వరణంతో కదిలింది. ఎప్పుడు అందుకుంటాడు? కాలం టీ సెకన్లనుకుని 18 + టీ²/2 = 6.5 టీ అని వేస్తే 4, 9 వచ్చాయి. మా సార్ 9 కొట్టేయమన్నారు. ఫ్రెండేమో రెండూ రాయాలంటాడు.

ఒంగోలు ట్యూషన్ మాస్టారు:
4 ఒక్కటే. బస్సు అందాక ఎక్కేస్తాడు, ఇంకా పరుగెందుకు? అసలు రిలేటివ్ వెలాసిటీలో చెయ్యి. నువ్వే బస్సులో కూర్చున్నావనుకో. వాడు 6.5 వేగంతో నీవైపు వస్తుంటాడు, ఆ వేగం సెకనుకు 1 చొప్పున పడిపోతుంటుంది. ఎంట్రన్సులో అంతకుమించి టైముండదు.

సింగరాయకొండ:
మాస్టారూ, బస్సులో కూర్చున్నా వచ్చేది అదే సమీకరణం, 9 ఎక్కడికీ పోదు. వాడు బస్సెక్కుతాడని లెక్కలో ఎక్కడుంది? 4వ సెకనుకి బస్సు వేగం 4, వాడిది 6.5. ఆగకపోతే బస్సును దాటిపోతాడు. 6.5 సెకన్లకు వేగాలు సమానం, అప్పటికి 3 మీటర్ల పైచిలుకు ముందుంటాడు. అక్కణ్ణుంచి బస్సుదే పైచేయి, 9వ సెకనుకి అదే వాణ్ణి దాటుతుంది. కాలం మైనస్‌లో వస్తే కొట్టేస్తాం, ఎందుకంటే అప్పటికి కథే మొదలవలేదు. ఇక్కడ రెండూ ప్లస్సే కదండీ!

ఒంగోలు ట్యూషన్ మాస్టారు:
కాదనను. కానీ అడిగింది అందుకోవడం గురించి, మార్కు 4కే. పిల్లలకి లేనిపోని టెన్షన్ దేనికి?

సింగరాయకొండ:
'మొదటిసారి' అని ప్రశ్నలో ఉంటే ఒప్పుకుంటా. అబ్బాయ్, వాడి వేగం 6.5 బదులు 5 పెట్టి చూడు.

కావలి ఇంటర్ కుర్రాడు:
రూటు లోపల మైనస్ 11 వచ్చింది. అంటే అందడు. మరి ఎంత దగ్గరకొస్తాడు?

ఒంగోలు ట్యూషన్ మాస్టారు:
ఇదిగో, నా పద్ధతి పనికొచ్చేది ఇక్కడే. బస్సులోంచి చూస్తే ఆ 5 వేగం సున్నా అయ్యేలోపు వాడు వచ్చేది 25/2, అంటే 12.5 మీటర్లు. 5.5 మిగిలిపోయింది. 18 మీటర్లూ రావాలంటే వేగం వర్గం 2×1×18 = 36 ఉండాలి. కనీసం 6. అప్పుడు రెండు జవాబులూ 6వ సెకను దగ్గర కలిసిపోతాయి.

సింగరాయకొండ:
ఆ 6 దగ్గర ఇంకోటి చూడు అబ్బాయ్. బస్సు వేగం కూడా అప్పుడు 6 కాబట్టి కుదుపు లేకుండా ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టొచ్చు. 6.5తో వచ్చినవాడు రాడ్డు పట్టుకునేసరికి బస్సు కంటే 2.5 ఎక్కువ వేగంతో ఉంటాడు.