హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇద్దరు పిల్లలు: క్యాంపస్ హాస్టలా, బయట పోర్షనా?

ప్రశ్న (పలాస నుంచి ఒక తండ్రి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఈ ఏడాది గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎకనామిక్స్ సీటు వచ్చింది. మా అన్నయ్యగారి అబ్బాయి అక్కడే రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీకి ఎంపికయ్యాడు. అతనికి యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) వారి జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవారికి నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ కూడా ఉంది. ఇద్దరూ అన్నాచెల్లెళ్లు కనుక నల్లగండ్లలోనో గోపనపల్లిలోనో రెండు గదుల పోర్షన్ తీసుకుని, తోడుగా మా అమ్మను పంపిస్తే పిల్లలకు ఇంటి భోజనం దొరుకుతుందని, మాకూ బెంగ ఉండదని ఇంట్లో పెద్దలం అనుకుంటున్నాం. అబ్బాయికి ఫెలోషిప్‌తో పాటు ఇంటి అద్దె భత్యం విడిగా వస్తుందని విన్నాం కాబట్టి, అద్దె భారం అందులోనే తీరిపోతుందని నా లెక్క. నేను జీడిపప్పు వ్యాపారి దగ్గర పద్దులు రాసేవాణ్ని. లెక్క కుదరనిదే అడుగు వేయలేను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా బావమరిది అమ్మాయిని తమ ఇంట్లోనే ఉంచమంటున్నారు. అమ్మాయి మాత్రం హాస్టలే కావాలని పట్టుబట్టి కూర్చుంది. హాస్టల్ తిండి గురించీ, ర్యాగింగ్ గురించీ విన్నవి మనసులో మెదులుతున్నాయి. అక్కడ చదివినవారు, పిల్లలను చదివించినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు (అక్కడే పీహెచ్‌డీ పూర్తి చేసిన ఒకరు)

నమస్కారమండి. మీ లెక్కలో ఒక పద్దు తప్పింది, ముందుగా దాన్ని సరిచేయాలి. జేఆర్ఎఫ్ పొందినవారికి 2023 జనవరి 1 నుంచి నెలకు ₹37,000 ఫెలోషిప్ ఇస్తున్నారు. రెండేళ్ల తరువాత సీనియర్ ఫెలోగా మారితే అది ₹42,000 అవుతుంది. ఇంటి అద్దె భత్యం ఉన్న మాట నిజమే, కానీ అది అడిగిన ప్రతి ఒక్కరికీ ఇచ్చేది కాదు. విశ్వవిద్యాలయం హాస్టల్ గది ఇవ్వలేకపోయిన సందర్భంలోనే కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం నగరాన్ని బట్టి దాన్ని చెల్లిస్తారు. గది ఇస్తే భత్యానికి బదులు హాస్టల్ ఫీజు మాత్రమే తిరిగి వస్తుంది. అందులో మెస్ బిల్లు, కరెంటు, నీటి చార్జీలు కలవవు. ఇస్తామన్న గదిని విద్యార్థే వద్దనుకుంటే భత్యం అడిగే హక్కు పోతుంది. అంటే మీ అబ్బాయి హాస్టల్ కాదని పోర్షన్‌లో దిగితే, ఆ అద్దె మొత్తం అతని ఫెలోషిప్‌లోంచో మీ జేబులోంచో పోవలసిందే.

ఇంకొక సంగతి. కొత్తగా చేరినవారికి కాగితాలన్నీ పూర్తయి మొదటి ఫెలోషిప్ చేతికి రావడానికి కొన్ని నెలలు పట్టడం మామూలే. బకాయి చేరిన తేదీ నుంచి లెక్కగట్టి ఒకేసారి వస్తుంది కాబట్టి డబ్బు పోదు, అయితే పోర్షన్ యజమానికి అడ్వాన్సూ నెలనెలా అద్దె చెల్లించవలసింది ఆ ఖాళీ నెలల్లోనే. హాస్టల్‌లో ఉన్నవాడు ఆ నెలలను ఏదో విధంగా నెట్టుకురాగలడు.

రసాయనశాస్త్రమన్నారు కాబట్టి చెబుతున్నాను: ప్రయోగం మధ్యలో వదిలి రాలేని రాత్రులు చాలా ఉంటాయి. ఫ్లాస్కులో రియాక్షన్ పెట్టి, హాస్టల్‌కు వెళ్లి రెండు గంటలు నడుం వాల్చి, మళ్లీ సైకిల్ మీద ల్యాబ్‌కు వచ్చిన రాత్రులే నా పరిశోధనను ముందుకు నడిపించాయి. అతను నల్లగండ్లలో ఉంటే అర్ధరాత్రి మీ అమ్మగారు తలుపు తీస్తూ నిద్ర పాడుచేసుకోవాలి.

రెండవ జవాబు (పూర్వ విద్యార్థిని, విజయవాడ)

నేను అక్కడ ఎం.ఏ. చదివిన రెండేళ్లూ లేడీస్ హాస్టల్‌లోనే ఉన్నాను. ఆ విశ్వవిద్యాలయానికి హాస్టళ్లు తరువాత అతికించిన సౌకర్యం కావని మీరు గమనించాలి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల మధ్య వివాదం తీర్చేందుకు కుదిరిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో ఏర్పడినప్పుడు అది ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడి ఇల్లు ‘గోల్డెన్ థ్రెషోల్డ్’లో మొదలైంది, ఆ తరువాత గచ్చిబౌలికి తరలింది. అప్పట్లో ఆ ప్రాంతమంతా బండరాళ్లూ తుప్పలే కాబట్టి విద్యార్థులు లోపల ఉండి చదువుకోవడం తప్ప వేరే మార్గం లేదు. ఇప్పుడు చుట్టూ ఐటీ నగరం పెరిగినా, లోపలి జీవితం ఆ పాత పద్ధతిలోనే నడుస్తోంది. అబ్బాయిల హాస్టళ్లను ఆంగ్ల అక్షరాలతోనూ, అమ్మాయిల హాస్టళ్లను అంకెలతోనూ పిలుస్తారు. క్యాంపస్ ఎంత పెద్దదంటే కొన్ని హాస్టళ్ల నుంచి తరగతికి నడవడమే ఒక ప్రయాణం. షటిల్ బస్సులు ఉన్నా చాలామంది సైకిల్ కొనుక్కుంటారు, మీరు కూడా ఆ ఖర్చును ముందే పద్దులో రాసుకోండి.

తిండి విషయంలో మీ భయం సగమే నిజం. రుచి గురించి నేను వాదించను; పప్పు నీళ్లలా ఉన్న రోజులున్నాయి, ఉగాది నాటి భోజనం ఇంటిని మరిపించిన సంవత్సరమూ ఉంది. కానీ లెక్కలు రాసేవారు కనుక డివైడింగ్ పద్ధతి మీకు నచ్చుతుంది. మెస్‌కు ఆ నెలలో అయిన మొత్తం ఖర్చును, అందరూ కలిసి తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. ఉదాహరణకు 300 మంది 30 రోజులు తింటే 9,000 రోజులు. ఖర్చు ₹9,00,000 అయితే రోజుకు ₹100 పడుతుంది. లాభం తీసుకునే యజమాని ఎవరూ మధ్యలో ఉండరు. అయితే సెలవుల్లో ఎక్కువమంది ఊళ్లకు వెళ్లిపోయినప్పుడు, వంటవారి జీతాల వంటి తగ్గని ఖర్చులు మిగిలినవారి మీద పడి రోజు ధర పెరుగుతుంది. అందుకే సంక్రాంతికి ఇంటికి వచ్చేటప్పుడు మీ అమ్మాయి మెస్‌లో ముందుగా రాసి ఇచ్చి రోజులు తగ్గించుకోవాలి. చెప్పకుండా వస్తే తినని భోజనానికీ చెల్లించవలసి వస్తుంది. మెస్ బాకీలు పేరుకుపోనివ్వకండి, చివర్లో బాకీలేమీ లేవని ఇచ్చే నో డ్యూస్ కాగితం కోసం తిరిగేటప్పుడు అవన్నీ ఒక్కసారిగా ఎదురవుతాయి.

ర్యాగింగ్ గురించి: యూజీసీ 2009 నిబంధనల ప్రకారం కొత్త విద్యార్థులను వీలైనంతవరకు సీనియర్లకు వేరుగా ఉన్న బ్లాకులో ఉంచాలి, విద్యార్థీ తల్లిదండ్రులూ ఇద్దరూ ప్రమాణపత్రం ఇవ్వాలి. మీరు సంతకం పెట్టే ఆ కాగితాన్ని చదివి మరీ పెట్టండి. 1800-180-5522 అనే హెల్ప్‌లైన్ రాత్రింబవళ్లు పనిచేస్తుంది. నా అనుభవంలో మాత్రం సీనియర్లు నన్ను విసిగించింది పాత నోట్సు కొనమని అడిగినప్పుడే.

దిల్‌సుఖ్‌నగర్ ఆలోచన మానుకోండి. మెట్రోలో అమీర్‌పేట వరకు వచ్చి, అక్కడ మారి రాయదుర్గం చేరి, మళ్లీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. రానూపోనూ రోజుకు మూడు నాలుగు గంటలు అందులోనే కరిగిపోతాయి. సాయంత్రం సెమినార్లు, ఇందిరాగాంధీ స్మారక గ్రంథాలయంలో చదువు, తోటివారితో కలిసి లెక్కలు చేసుకోవడం, ఇవన్నీ బస్సు వేళ చూసుకునే విద్యార్థికి అందవు. ఎకనామిక్స్‌లో గణితం ఎక్కువ. నేను మొదటి సెమిస్టరు గట్టెక్కింది పక్క గదిలోని ఒడియా అమ్మాయి వల్లే.

మూడవ జవాబు (ఒక తల్లి, కర్నూలు)

పై ఇద్దరూ హాస్టల్ సీటు ఖాయమన్నట్టుగా రాశారు; నా అనుభవం వేరు. సీట్లు ఉన్నంతవరకే ఇస్తారు, సాధారణంగా దూర ప్రాంతాల వారికి ముందు అవకాశం దక్కుతుంది. మా అబ్బాయికి చేరిన వెంటనే సీటు రాలేదు, కాబట్టి గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు హాస్టల్‌లో చేర్చాం. ఆ చుట్టుపక్కల ప్రైవేటు హాస్టళ్లు ఎక్కువగా ఐటీ ఉద్యోగుల కోసం పుట్టినవి. ధరలూ, భోజన వేళలూ, వారాంతపు సందడీ అన్నీ వారి జీతాలకూ వారి జీవితాలకూ తగినట్టే ఉంటాయి. రాత్రి పదింటికి చదువుకోవాలనుకునే విద్యార్థికి ఆ గదిలో చోటు దొరకదు. క్యాంపస్‌లో సీటు వచ్చి ఖాళీ చేస్తామన్నప్పుడు, నెల ముందు చెప్పలేదన్న కారణంతో ఆ యజమాని మా అడ్వాన్సులో సగానికి పైగా పట్టుకున్నాడు. తప్పు మాదే, రసీదు వెనక రాసిన షరతులు చదవలేదు.

అందువల్ల మీరు క్యాంపస్‌కే దరఖాస్తు పెట్టండి, కానీ సీటు వచ్చేదాకా మొదటి వారాలు గడిచేందుకు ఏర్పాటు విడిగా చూసుకోండి. ఆ కొద్ది రోజులకు మీ బావమరిదిగారి ఇల్లు చాలు. ప్రైవేటు హాస్టల్‌లోనే చేర్చవలసి వస్తే నెలవారీగా మాట్లాడుకోండి, ఆరు నెలల ప్యాకేజీ అన్న మాటకు లొంగకండి. బిల్లులో జీఎస్టీ వేస్తే మాత్రం నిలదీయండి: విద్యాసంస్థల బయట ఉన్న హాస్టళ్లలో కనీసం 90 రోజులు వరుసగా ఉండేవారికి, మనిషికి నెలకు ₹20,000 వరకు అద్దె మీద పన్ను మినహాయించాలని 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. తొంభై రోజుల లోపే ఖాళీ చేసేవారికి ఆ మినహాయింపు వర్తించదన్నది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారి మాట

ముగ్గురికీ కృతజ్ఞతలు. అద్దె భత్యం సంగతి తెలియకుండా గోపనపల్లి పోర్షన్‌కు అడ్వాన్సు పంపబోయాను, ఆగిపోయాను. ఇద్దరినీ హాస్టల్‌కే దరఖాస్తు చేయమన్నాం. మా అమ్మ మాత్రం కాస్త చిన్నబుచ్చుకుంది, హైదరాబాద్ వెళ్లడానికి అప్పుడే రెండు డబ్బాల ఆవకాయ సర్దింది. ఒక్క సందేహం మిగిలింది: దరఖాస్తులో స్థానిక సంరక్షకుడి పేరు అడుగుతున్నారు, బావమరిది పేరు, చిరునామా రాస్తే హైదరాబాద్‌లో ఇల్లు ఉందని సీటు తగ్గించరు కదా?

రెండవ జవాబు రాసినవారు మళ్లీ

రెండూ వేరు వేరు గడులండి. శాశ్వత చిరునామా గడిలో పలాస చిరునామానే రాసి, దానికి ఆధారంగా మీ ఆధార్, నివాస ధ్రువపత్రం జతచేయండి. స్థానిక సంరక్షకుడి గడిలో మీ బావమరిదిగారి పేరు రాయండి. ఉత్తరాలు అందవలసిన చిరునామా అన్న చోట కూడా దిల్‌సుఖ్‌నగర్ రాయకండి, సందేహాలు అక్కడి నుంచే మొదలవుతాయి. ఆవకాయ డబ్బాలు రెండూ పంపించండి. మొదటి వారంలోనే ఒకటి ఖాళీ అవుతుంది, అదీ మీ అమ్మాయి చేతుల మీదుగా మాత్రం కాదు.