5 కిలోమీటర్ల రేడియో లింకుకు ఎంత పెద్ద యాంటెన్నా కావాలి?

ప్రశ్న:
రెండు భవనాల మధ్య 5 కిలోమీటర్ల దూరానికి 5.8 గిగాహెర్ట్జ్ లింకు పెట్టాలనుకుంటున్నాను. అవతలి కొస కంటికి కనిపిస్తోంది కానీ, సరిగ్గా సగం దూరంలో ఉన్న చెట్ల కొనలు చూపురేఖకు 3 మీటర్ల కిందే ఉన్నాయి. 23 డీబీఐ డిష్ సరిపోతుందా?

జవాబు 1:
గెయిన్ (యాంటెన్నా సిగ్నల్‌ను ఒక దిశలో కేంద్రీకరించే సామర్థ్యం, డీబీఐలో కొలుస్తారు) గురించి చింత అక్కర్లేదు. ఆ దూరానికి శూన్యమార్గ నష్టం (అడ్డులేకున్నా దూరం వల్ల సిగ్నల్ తగ్గడం) సుమారు 122 డీబీ (డెసిబెల్) కాబట్టి, 13 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే సిగ్నల్ శక్తి) పంపి రెండువైపులా 23 డీబీఐ డిష్‌లు వాడితే, కేబుల్ నష్టాలు పక్కనపెట్టి, మైనస్ 63 డీబీఎం దాకా అందుతుంది. అసలు చిక్కు చెట్లదే. నడుమ ఫ్రెనెల్ జోన్ (చూపురేఖ చుట్టూ సిగ్నల్ ప్రయాణానికి కావలసిన కోలాకారపు ఖాళీ) వ్యాసార్థం 8 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే దాదాపు 5 మీటర్లు, అడ్డులేకుండా ఉండాలి. పెద్ద డిష్ కొన్నా ఈ లోటు తీరదు.

ప్రశ్న వేసినవారు:
అయితే ఒకవైపు మాస్టును 2 మీటర్లు పెంచితే చాలునా?

జవాబు 2:
చాలదు. ఒక కొసను 2 మీటర్లు ఎత్తితే మధ్యలో రేఖ 1 మీటరే లేస్తుంది. రెండువైపులా 3 మీటర్ల చొప్పున పెంచండి, చెట్లు ఎలాగూ పెరుగుతాయి. రెండు యాంటెన్నాల ధ్రువణం (తరంగం నిలువుగానో అడ్డంగానో కంపించే దిశ) ఒకటేనని చూసుకోండి. గురి కుదిర్చేటప్పుడు మొదట దొరికిన సిగ్నల్ శిఖరం దగ్గర ఆగిపోవద్దు, అది సైడ్ లోబ్ (ప్రధాన పుంజం పక్కన ఉండే బలహీన పుంజం) కావచ్చు. లెక్కకు 20 డీబీ తక్కువ వస్తుంటే అనుమానించి, ఇంకా విశాలంగా తిప్పి వెతకండి.