అప్‌డేట్: మా వాడి రాళ్ల పిచ్చి

ఎనిమిదేళ్ల మా వాడికి రాళ్లు, ఖనిజాల గురించి చెప్పడానికి ఆన్‌లైన్‌లో ఏం చూపించొచ్చని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పిన మైండాట్‌ అనే ఖనిజాల వెబ్‌సైట్లో ఫొటోలు అదిరిపోయాయి. రాసింది మాత్రం పిల్లల కోసం కాదు, నాకే సగం బుర్రకెక్కలేదు.

వాడికి పట్టేసింది మోస్ స్కేల్ వీడియో. అంటే ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే కొలత; గట్టిది మెత్తదాని మీద గీత పెడుతుంది. టాల్క్ 1, వజ్రం 10. గోరు సుమారు 2.5 కాబట్టి బలపం మీద గోటి గీత పడింది. ఇక కనపడిన రాయినల్లా గీకుడే! తాండూరు నాపరాయి ముక్కను గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్కలేస్తే సన్నగా బుడగలొచ్చాయి. గ్రానైట్ మీద ఏమీ రాలేదు. నాపరాయి ఒక రకం సున్నపురాయి అనీ, అందులోని కాల్షియం కార్బొనేట్ వల్లే వెనిగర్‌కి బుడగలొస్తాయనీ వాడే నాకు పాఠం చెప్పాడు.

హాల్లో పాలిష్ బండ మీదా వెనిగర్ వేశాడు. మచ్చ పడింది. మా అత్తగారు ఇంకా చూడలేదు.