ఆఫీసులో వెల్‌నెస్ ప్రోగ్రామ్ పెట్టమన్నారు, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

ప్రశ్న

మాది నూట ఇరవై మంది ఉండే ఆఫీసు. నేను హెచ్‌ఆర్‌లో చేరి ఇంకా రెండేళ్లు కాలేదు. పోయిన వారం పైవాళ్లు పిలిచి ఉద్యోగుల ఆరోగ్యం కోసం వెల్‌నెస్ ప్రోగ్రామ్ ఒకటి పెట్టు, మూడు నెలల్లో ఏదో ఒకటి కనబడాలి అన్నారు. ఇలాంటివి నడిపే ఒక వెండర్‌తో మాట్లాడితే స్టెప్ ఛాలెంజ్ (ఎవరు ఎక్కువ అడుగులు నడుస్తారో పోటీ), యోగా, హెల్త్ చెకప్, ఒక యాప్ అన్నీ ప్యాకేజీలో ఇస్తామన్నాడు. సరే అందామనుకుంటుండగా మా ఫ్లోర్‌లో ఒకావిడ రోజూ మధ్యాహ్నం కీబోర్డు పక్కకి జరిపి డెస్క్ మీద తల వాల్చేసుకోవడం గమనించా, ఏమైందండీ అని అడిగితే "రాత్రి పదకొండుకి కూడా మెసేజ్‌లొస్తాయి, చూడకపోతే పొద్దున్నే మాట పడాలి" అంది. ఆవిడకి స్టెప్ ఛాలెంజ్ ఇస్తే ఏం ఒరుగుతుంది? అప్పట్నుంచి ఆ ప్యాకేజీ మీద సంతకం పెట్టబుద్ధి కావట్లేదు. చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు 1

మీరు ఆగడమే మంచిదైంది. మేం రెండేళ్లు స్టెప్ ఛాలెంజ్ నడిపాం, మొదటి పది స్థానాల్లో ఎప్పుడూ అవే పేర్లు, వాళ్లు ఛాలెంజ్ లేకపోయినా పొద్దున్నే నడిచేవాళ్లే. ఇది మా ఒక్కళ్ల సంగతే కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో 2016లో దాదాపు 5 వేల మంది ఉద్యోగుల్ని లాటరీ తీసినట్టు గ్రూపులుగా విడగొట్టి కొందరికే ఇలాంటి ప్రోగ్రామ్ పెట్టి చూస్తే వైద్యం ఖర్చులోగానీ సెలవుల్లోగానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పైగా ముందుకొచ్చి చేరినవాళ్లు ముందునుంచే కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లని తేలింది. 2019లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఇంకో స్టడీ ఒక పెద్ద రిటైల్ కంపెనీలోది, 160 బ్రాంచీలు, సుమారు 33 వేల మంది. ఏడాదిన్నర తర్వాత మేం వ్యాయామం చేస్తున్నాం అని చెప్పేవాళ్లు పెరిగారు కానీ బీపీ, కొలెస్ట్రాల్, సెలవులు, ఖర్చు ఏదీ మారలేదు. అలాగని యోగా దండగ అనట్లేదు, ఇష్టమున్నవాళ్లకి పెట్టండి, కానీ అదే ప్రోగ్రామ్ అనుకోవద్దు.

జవాబు 2

నేను ఆక్యుపేషనల్ హెల్త్‌లో, అంటే పనిచేసేచోట ఉద్యోగుల ఆరోగ్యం చూసే విభాగంలో పనిచేస్తున్నా. మీ ప్రశ్నలో అసలు విషయం ఆ రాత్రి పదకొండు మెసేజే. డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ), ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) కలిసి 2021లో లెక్క చెప్పాయి, వారానికి 55 గంటలు, అంతకన్నా ఎక్కువ పనిచేసేవాళ్లకి 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే స్ట్రోక్ ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని. బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద 1985లో మొదలైన వైట్‌హాల్ అనే రెండో స్టడీలోనూ తన పని మీద తనకి పట్టు లేనివాళ్లలో గుండెజబ్బు ఎక్కువ కనబడింది. అంటే ఎప్పుడు ఏ పని చెయ్యాలో, ఎప్పుడు సీట్లోంచి లేవాలో మనిషి చేతిలో ఎంతో కొంత ఉండాలి. రాత్రి ఫలానా టైం తర్వాత మెసేజ్ పెట్టకూడదు, పెట్టినా పొద్దున చూస్తే చాలు అని రాసిపెట్టించండి. రాస్తే సరిపోదు, ముందు మేనేజర్లు పాటించాలి, వాళ్లకి టీమ్‌లో ఎవరైనా నలిగిపోతుంటే ఎలా మాట్లాడాలో ట్రైనింగ్ ఇప్పించండి, పనిచేసేచోట మానసిక ఆరోగ్యం మీద డబ్ల్యూహెచ్‌ఓ 2022లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో మేనేజర్ల ట్రైనింగ్ కూడా ఉంది.

జవాబు 3

ఉద్యోగిగా ఒక్క మాట. మా పాత ఆఫీసులో హెల్త్ చెకప్ మీటింగ్ రూమ్‌లో పెట్టారు, లైన్లో నిలబెట్టి బరువు తూచి పైకి చదివేవాళ్లు, పక్కనే ఇంకొకాయన రాసుకునేవాడు. నా వెనకున్న అమ్మాయి తన వంతు రాకముందే ఫోనొచ్చినట్టు బయటికెళ్లిపోయింది, మళ్లీ ఏ చెకప్‌కీ రాలేదు. రిపోర్టు మనిషికే వెళ్లాలి, కంపెనీకి పేర్లు లేని మొత్తం లెక్క చాలు. టీమ్‌లో నలుగురే ఉంటే ఆ లెక్క కూడా ఇవ్వకండి, ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. యాప్ తీసుకునే ముందు డేటా ఎవరి దగ్గరుంటుందో వెండర్‌తో రాయించుకోండి. కౌన్సెలింగ్ పెడితే హెచ్‌ఆర్‌కి చెప్పకుండా నేరుగా ఫోన్ చేసుకునే వీలుండాలి, లేకపోతే ఎవరూ చెయ్యరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్ అండీ. ప్యాకేజీ ఆపేశా. ముందు పేర్లు అడగకుండా ఐదు ప్రశ్నల సర్వే పంపుతున్నా, పనిలో మీకు ఎక్కువ కష్టమనిపించేది ఏంటి అన్నది మొదటిది. మెసేజ్‌ల రూల్ ఒక టీమ్‌లో నెల రోజులు పెట్టి చూడ్డానికి పైవాళ్లు ఒప్పుకున్నారు. కానీ మూడు నెలల్లో ఏం చూపించాలో అర్థం కావట్లేదు.

జవాబు 2

మూడు నెలల్లో బీపీ తగ్గిందని చూపించాలనుకోకండి, అంత తొందరగా తేలవు అవి. రూల్ పెట్టకముందు ఆ టీమ్‌లో ఆఫీస్ టైం దాటాక ఎన్ని మెసేజ్‌లు వెళ్లాయో సంఖ్య మటుకు తీసుకోండి, లోపల ఏముందో చూడొద్దు, తర్వాత మళ్లీ తీయండి. సెలవు పెట్టిన రోజు ఎంతమంది లాగిన్ అయ్యారో అది కూడా. సర్వేలో ఆ మొదటి ప్రశ్ననే మూడో నెల చివర్లో మాట మార్చకుండా మళ్లీ అడగండి.